బియ్యం కడిగిన నీళ్లు

బళ్లారి నుంచి నాలుగు కేబుళ్లు తెచ్చుకున్నా,
రెండు పొడుగువి, రెండు ఇంకా పొడుగువి.
మల్టీ ఎఫెక్ట్స్ పెట్టె మాత్రం పాతదే.
ఆర్కెస్ట్రా మూతపడిన ఏడు
క్రిస్టఫర్ అన్న సగం ధరకు వదిలేసింది.
మూడో బటన్ తొక్కితే
ఒకతూరి పలుకుతుంది, ఒకతూరి అలుగుతుంది.

గిటార్ నుంచి వావా పెడల్‌కి,
ఆడ్నుంచి డిస్టార్షన్‌కి,
నా మడమ తగిలేచోట దాని నారింజ రంగు
ఎప్పుడో ఊడిపోయింది,
ఆడ్నుంచి పెట్టె నోట్లోకి.
ఇంతవరకూ ఎవరైనా పెడతారు.

చిక్కంతా ఆ తర్వాతే.
పెట్టెలోని సెండ్ యాంప్ ముఖానికి పోవాల.
యాంప్ వీపున ఇంకో సెండ్ ఉంటుంది,
అది తిరిగి పెట్టెలోకి రావాల.
పెట్టె ఆఖరి మాట మళ్లీ యాంప్ వీపులోకే.
నడిమింట్లో బోర్లా పడుకొని
కాగితం మీద గీసుకుంటాంటే
మా నాయన అద్దాలు తుడుచుకుంటా వంగినాడు.
"యార్డు బొమ్మ ఎందుకు గీస్తాండావురా?"
గుంతకల్లులో ముప్పై రెండేండ్లు
పాయింట్లు మార్చిన చెయ్యి ఆయనది.
"లూపులోకి బండిని తీసుకుంటాండావు, సరే,
బయటికి దోవ ఏదీ?"
ఆయన వేలు పెట్టినచోట
నిజంగానే తప్పు గీసింటి.
ఓవర్‌డ్రైవ్ అంటే ఏందో ఆయనకు తెలీదు.
డిలే అంటే మాత్రం
నాకన్నా బాగా తెలుసు.

అన్నీ బిగించి స్విచ్చి వేస్తే
మ్‌మ్‌మ్‌మ్ అని ఒకటే రొద.
నీళ్లు అందక ఉత్తగా తిరిగే
బోరు మోటారు లెక్క.
తీగల మీద చెయ్యి ఆనిస్తే ఊరుకుంటుంది,
తీస్తే మళ్లీ మొదలు,
తల్లి లేచిపోయిందని తెలిసిన చంటిది లెక్క.
కేబుళ్లు మార్చినా. పెడళ్లు ఒక్కొక్కటే పీకేసినా.
ట్యూబులైటు ఆర్పి, చీకట్లో కూర్చొని విన్నా.
చీకట్లో ఇంకా పెద్దగా వినపడింది.

రాత్రి ఎనిమిదికి మహబూబ్ పీరా వచ్చినాడు.
టీవీలు బాగుచేసేటోడు, అవి పోయినాక
మిక్సీలు బాగుచేస్తాండాడు.
నా పెడళ్ల దిక్కు ఒక్క చూపైనా చూడలా.
నేరుగా పెరట్లోకి పోయి
గోడవారన ఎర్త్ తీగ దిగినచోట కూర్చొని
గుప్పెడు మన్ను తీసి నలిపినాడు.
వేళ్ల సందుల్లోంచి అది
సున్నంపొడి మాదిరి జారిపోయింది.
"దీనికి నీళ్లు తాపి ఎన్నాళ్లయింది?"
మనిషిని అడిగినట్టు అడిగినాడు.
"ఇల్లు కట్టినప్పుడు వేసిన ఉప్పూ బొగ్గూ
ఎప్పుడో కరిగిపోయినాయి.
కరెంటు దిగుదామంటే
భూమి పట్టుకోవడం లేదబ్బా."

కుళాయి వచ్చేది ఎల్లుండి.
వరసగా ఏడు బిందెలు,
వాటికి కాపలా ఈరమ్మ వదిన.
"గిటారికి నీళ్లేంది?
మల్లెచెట్టే ఎండిపోతాంది, దానికి పొయ్యలేదు నేను."
పీరా కతంతా విప్పి చెప్పినాడు,
తీగ, భూమి, తడి, రొద.
వదిన చాలాసేపు ఏమీ అనలేదు.
ఆనక లోపలికి పోయి
బియ్యం కడిగిన నీళ్ల గిన్నె
రెండు చేతులా పట్టుకొచ్చింది,
కొంగులో ఇంత రాళ్లుప్పు.
"బర్రెకు పెట్టుకున్నా. ఈ పొద్దుకు పోనీ."

తెల్లటి నీళ్లు
మన్ను మీద కాసేపు నిలబడి,
ఒక బుడగ వచ్చి,
ఇంకినాయి.

ఇంట్లోకి పోయి స్విచ్చి వేసినా.
ఎర్రలైటు వెలిగింది.
అంతే. ఏమీ లేదు.
ఇన్నాళ్లూ ఆ రొద చాటున ఉన్నవన్నీ
ఒకటొకటే వచ్చినాయి:
యార్డులో పెట్టెలు గుద్దుకునే చప్పుడు,
పీరా దగ్గు, పక్కింటి కుక్కర్.
చెయ్యి తీగల మీదే ఉంది గానీ
వాయించ బుద్ధి కాలేదు నాకు.

"ఏమైందిరా, సద్దే లేదు?
చెడిపోయిందా?" వాకిట్లోంచి వదిన.

అప్పుడు ఒక్క తీగ మీటినా, లావుది.
ఆ పలుకు పెట్టెలోకి పోయి, యాంప్‌లోకి పోయి,
మళ్లీ పెట్టెలోకొచ్చి,
నాలుగుసార్లు ఆలస్యంగా తిరిగొచ్చింది.
నాయన లోపల్నుంచి లెక్కపెట్టినాడు.

కుళాయి వచ్చిన రోజు ఇప్పుడు
మొదటి చెంబు ఆ తీగకే.
మల్లెచెట్టుకు రెండోది.
ఆ తడి మీద మధ్యాన్నం పూట
వీధికుక్క ఒకటి వచ్చి పండుకుంటాంది.
దాన్ని ఎవరమూ తోలడం లేదు.